చేతి మీది బిళ్ల

కళింగపట్నం,
జూన్ 22.

కుసుమా,

నిన్ను హాస్టల్లో దింపి వచ్చి ఆరు రోజులైంది. ఆడపిల్లలకి ఫోను మాటలు కుదరవని మీ కాలేజీ వాళ్లు ఖరాఖండిగా చెప్పేశారు కాబట్టి ఇక ఉత్తరాలే మనకి గతి. నేను ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని. కాగితం మీద పెన్ను పెడితే మా తెలుగు మాస్టారు వెనకాల నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. అందుకని నోటికొచ్చినట్టు కాకుండా పుస్తకంలో ఉన్నట్టు రాస్తున్నాను. నవ్వితే నవ్వుకో, నీ గదిలో పిల్లకి మాత్రం చూపించకు.

ప్రిన్సిపాల్ గారి కాళ్లు పట్టుకున్నంత పని చేస్తే ఆ ఒక్క ఫోను నీ దగ్గర ఉంచడానికి ఒప్పుకున్నారు. దాంట్లోంచి మాట పోదు, మెసేజీ పోదు. నీ చేతికి అంటించిన బిళ్ల చెప్పే షుగరు నెంబరు మాత్రం పోతుంది. ఐదు నిమిషాలకోసారి అదే నెంబరు ఇక్కడ నా ఫోనులో పడుతుంది. డాక్టరు మురళీమోహన్ గారి ట్రస్టు వాళ్లు పుణ్యం కట్టుకుని నెలకి రెండు బిళ్లలు ఇస్తున్నారు. ఒకటి పద్నాలుగు రోజులే వస్తుంది, తేదీ మర్చిపోకుండా మార్చుకో.

ఇన్సులిన్ పెన్ను వార్డెన్ లక్ష్మీనరసమ్మ గారి ఫ్రిజ్‌లో పెట్టించాను. "ఎన్ని పాయింట్లు తిప్పిందో మీరే దగ్గరుండి సూడాలమ్మా, మా గుంట లెక్క తప్పిస్తాది" అని మరీ మరీ చెప్పి వచ్చాను. నీకు కోపం వస్తుందని తెలుసు.

నిన్న మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి 212 చూపించింది. ఏం తిన్నావు? అన్నం ఎక్కువైందా, ఇంజెక్షన్ ఆలస్యమైందా? నాకు మనసు ఆగక వార్డెన్ గారికి ఫోను చేశాను. ఆవిడ మంచిదే, కసురుకోలేదు.

వేట నిషేధం రోజులు అయిపోయాయి. మీ అయ్య మొన్నటి నుంచి సముద్రం మీదకి వెళ్తున్నాడు. నేనూ గంప ఎత్తుకుని ఊళ్ల మీదకి వెళ్తున్నాను. నా గురించి బెంగ పెట్టుకోకు.

మీ అమ్మ
తాతమ్మ


చీపురుపల్లి,
జూన్ 29.

అమ్మకి,

నీ ఉత్తరం ఝాన్సీకి చూపించలేదు. అది నా భుజం మీంచి చదివేసింది, అది వేరే సంగతి. ఝాన్సీ నా గదిలో పిల్ల. గజపతినగరం దగ్గర పల్లె, నాన్నకి వరి, నువ్వుల పంట. కబడ్డీ ఆడుతుంది, ఒక్క క్షణం నోరు మూసుకోదు. మీ అమ్మ దస్తూరీ నాకంటే బాగుందే అంది.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఫోను చేస్తే వార్డెన్ గారు ఏం చేస్తారో నీకు తెలుసా? మెస్సులో మైకు ఉంది. ఆ మైకులో, నూట ఇరవై మంది అన్నం తింటుంటే, "కుసుమకుమారీ! మీ అమ్మ ఫోనమ్మా! రెండు వందల పన్నెండట, ఏటి తిన్నావు?" అంటారు. నేను కంచం పట్టుకుని లేచి నిలబడి ఏం తిన్నానో చెప్పాలి. ఆ రోజు నుంచి నా పేరు కుసుమ కాదు, 212. బాత్రూము దగ్గర వరసలో కూడా "212 వచ్చింది, జరగండి" అంటున్నారు.

బిళ్ల మంచిది కాదని నేను అనడం లేదు. మంగళవారం జువాలజీ క్లాసులో అలారం మోగింది, చూస్తే 61. నాకు చెమట పట్టలేదు, వణుకు రాలేదు, ఏమీ తెలియలేదు. బ్యాగులో గ్లూకోజు తీసి తాగాను. పావుగంటలో 104 అయింది. అది లేకపోతే ఆ బల్ల మీదే పడిపోయి ఉండేదాన్ని. ఇంతకు ముందు రోజుకి ఆరుసార్లు వేలు గుచ్చుకుని కూడా ఇది పట్టుకోలేకపోయేవాళ్లం. నాకు అది కావాలి.

కానీ అన్నం తిన్నాక ఎవరికి షుగరు ఎక్కదమ్మా? ఎక్కుతుంది, రెండు గంటల్లో దిగుతుంది. డాక్టరు గారు నీ ఎదురుగానే చెప్పారు. డెబ్బైకి తక్కువ వస్తేనే ఫోను చెయ్యి. అంతకు మించి ఏమీ అడగను.

కుసుమ


కళింగపట్నం,
జూలై 8.

కుసుమా,

నువ్వు అడిగింది నావల్ల కాదు.

నీకు పదమూడేళ్లప్పుడు బడి వెనకాల పడిపోయిన సంగతి నీకు గుర్తుండదు, ఒంటి మీద తెలివి లేదు కదా. నాకుంది. నేను ఆ రోజు గంపతో గార సంతలో ఉన్నాను. కవ్వళ్ల చేపలు అమ్ముకుంటూ ఒకామెతో నవ్వుతూ బేరం ఆడుతున్నాను. నువ్వు రెండు గంటల సేపు గోడ పక్కన ఎండలో పడి ఉన్నావు, ఎవరూ చూడలేదు. ఇంకో అరగంట ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదని డాక్టరు గారు అన్నారు. ఆ రెండు గంటలూ నేను నవ్వుతూనే ఉన్నాను, కుసుమా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

ఈ బిళ్ల వచ్చాక ఆ భయం కొంత తగ్గింది. నువ్వు ఎక్కడున్నా నీ నెంబరు నా చేతిలో ఉంది. చూడొద్దంటే ఎలా? 240 దాటి మూడు రోజులు వరసగా కనిపించింది. మూడుసార్లూ ఫోను చేశాను. పిల్లలు నవ్వితే నవ్వనీ, వాళ్లు నిన్ను కన్నారా?

గంగమ్మ తల్లికి మొక్కుకున్నాను. ఒక పగలూ ఒక రాత్రీ ఫోనులో నీ నెంబర్ల గీత 180 దాటకుండా నడిస్తే చీర పెట్టి కోడిని ఇస్తానని. ఆ తల్లి చూడాలి.

ఇంకో మాట. ఈ నెలాఖరులోపు నెంబర్లు దారికి రాకపోతే నేను వచ్చి నిన్ను తీసుకొచ్చేస్తాను. చదువు ఇంటి దగ్గరైనా చదువుకోవచ్చు. మీ అయ్య కూడా "మనిసి ఉంటే సదువు, నేపోతే ఏటుంటాది" అన్నాడు. బెదిరింపు కాదు, నిజంగానే రాస్తున్నాను.

అమ్మ


చీపురుపల్లి,
జూలై 20.

అమ్మకి,

నువ్వు చెప్పినట్టే ఉంటాను. ఇవాళ కొత్త బిళ్ల పెట్టాను. మెస్సులో అన్నం తగ్గించి కూర ఎక్కువ తింటున్నాను. ఇక మీదట నువ్వు వార్డెన్ గారికి ఫోను చేసే పని పడదు.

కుసుమ


(ఫిజిక్స్ నోటు పుస్తకం చివరి పేజీలో రాసినది. పోస్టు చెయ్యలేదు.)

జూలై 20, రాత్రి.

అమ్మా,

పైకి రాసిన ఉత్తరంలో కొత్త బిళ్ల పెట్టాను అన్నాను. ఎవరికి పెట్టానో రాయలేదు. ఝాన్సీకి పెట్టాను.

ఆదివారం వాళ్ల అమ్మ నువ్వుండలు పంపింది. ఒక్కటి తిన్నాను. తినే ముందు లెక్క ప్రకారం ఇన్సులిన్ వేయించుకున్నాను. తప్పేమీ చెయ్యలేదు. అయినా 230 ఎక్కింది, అది దిగేలోపే నీ ఫోను వచ్చింది, మైకు మోగింది. ఆ రోజు తల్లిదండ్రులు వచ్చే ఆదివారం. ఝాన్సీ వాళ్ల నాన్న ముందు నేను నిలబడి "నువ్వుండ తిన్నానండి" అని చెప్పాను. ఆయన పాపం తల దించుకున్నాడు, తన ఇంటి నుంచి వచ్చిన తిండి కదా.

ఆ రాత్రి నేను ఏడుస్తుంటే ఝాన్సీ చెయ్యి చాపి, "నాకెట్టీయే. నాకే రోగం లేదు కదా, మీ అమ్మకి నా నెంబరు సూపిద్దాం. రెండు వారాలు నువ్వు సుకంగా తిను" అంది. ఇవాళ అంటించాక ఇద్దరం నవ్వుకున్నాం. ఫోను దాని బ్యాగులో ఉంది. నెంబరు 92. నా జన్మలో అంత అందమైన నెంబరు ఎప్పుడూ చూడలేదు.

నా దగ్గర వేలు గుచ్చుకునే స్ట్రిప్పులు ఒక డబ్బా ఉంది. రెండు వారాలు ఎలాగో లాగించేస్తాను. నన్ను ఇంటికి తీసుకుపోకు.


కళింగపట్నం,
జూలై 31.

నా బంగారు కుసుమకి,

తల్లీ, నేనేం రాయాలో తెలియడం లేదు. పదకొండు రోజులుగా నీ గీత అలలు లేని సముద్రంలా ఉంది. 88, 95, 110, మళ్లీ 90. అన్నం తిన్నాక కూడా 120 దాటలేదు. మొదటి రోజు ఫోను పాడైందనుకుని ఆపి మళ్లీ పెట్టాను. రెండో రోజు రేవులో అందరికీ చూపించాను. మన వీధి కుర్రాళ్లు "పిన్నీ, ఇది నీ కూతురిదేనా, నా కంటే బాగున్నాది" అన్నారు.

గంగమ్మకి చీర పెట్టాను, కోడిని ఇచ్చాను. మీ అయ్య డప్పులు కూడా పెట్టిద్దాం అన్నాడు, నేనే వద్దన్నాను.

మొన్న శ్రీకాకుళం వెళ్లి డాక్టరు మురళీమోహన్ గారికి ఫోను చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "మీ అమ్మాయి ఇంత కంట్రోల్లో ఉండడం నేనెప్పుడూ చూడలేదమ్మా. కానీ తెల్లవారుజామున 70కి వస్తోంది, అది ప్రమాదం. రాత్రి మందు తగ్గించాలి" అన్నారు. రాత్రివి పద్దెనిమిది పాయింట్లు కాదు, ఇక పద్నాలుగు. అన్నం ముందువి కూడా రెండేసి తగ్గించారు. అక్కడి నుంచే వార్డెన్ గారికి ఫోను చేసి చెప్పించాను. ఆవిడ కాగితం మీద రాసుకుని ఫ్రిజ్ మీద అంటించారట.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. సాయంత్రం ఐదింటికి నెంబరు రోజూ ఉన్నదానికి ఇరవై తగ్గుతోంది. ఏం చేస్తున్నావు ఆ వేళప్పుడు?

ఇంటికి తీసుకొచ్చేస్తానన్న మాట మర్చిపో. చదువుకో.

అమ్మ


(నోటు పుస్తకం చివరి పేజీలు. పోస్టు చెయ్యలేదు.)

ఆగస్టు 3.

అమ్మా,

డాక్టరు గారు తగ్గించింది ఝాన్సీ నెంబరు చూసి. వేసుకునేది నేను.

రాత్రి వార్డెన్ గారి దగ్గర పెన్ను తీసుకుని పద్దెనిమిది తిప్పాను. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని చూసి, "పద్నాలుగు కదమ్మా, డాక్టరు గారు సెప్పినారు. ఎక్కువేసుకుని రాత్రి పడిపోతే నేనేటి సెయ్యాల?" అని నా చేతిలోంచి తీసుకుని ఆవిడే తిప్పి ఇచ్చారు. నేనేం చెప్పను? నాకు పద్దెనిమిది కావాలంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్తే ఫోను చేస్తారు. ఫోను చేస్తే నువ్వు వస్తావు.

స్ట్రిప్పులు ఆరే మిగిలాయి. ఇవాళ పొద్దున్న ఒకటి వాడితే 318. తలుపు వేసుకుని చూశాను, ఝాన్సీకి కూడా చెప్పలేదు. ఫోనులో దాని నెంబరు చూస్తే 94.

రెండు వారాలు అయిపోయాయి. బిళ్ల మార్చాలి. నా చేతికి పెట్టుకుంటే నీ ఫోనులో ఒక్కసారిగా 300 పడుతుంది, సాయంత్రానికి నువ్వు ఇక్కడ ఉంటావు. ఝాన్సీ భయపడుతోంది. "ఇంక సాలు కుసుమా, మీ అమ్మకి సెప్పీయే" అంటోంది. బతిమాలి, చేతులు పట్టుకుని మళ్లీ దానికే అంటించాను. ఇంకో రెండు వారాలు అంతే అన్నాను. ఆ తర్వాత ఏం చేస్తానో నాకే తెలియదు. ముందుకీ వెనక్కీ దారి లేదు, అమ్మా. నా అంతట నేనే తలుపు వేసుకుని తాళం బయట పారేశాను.


చీపురుపల్లి,
ఆగస్టు 4.

అమ్మకి,

నేను బాగున్నాను. సాయంత్రం ఐదింటికి కబడ్డీ ఆడుతున్నాను, అందుకే దిగుతోంది. ఝాన్సీ నేర్పుతోంది.

ఇక్కడ కూరల్లో ఉప్పు ఎక్కువ వేస్తున్నారు, దాహం బాగా వేస్తోంది. బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటే ముందు బెంచీకి మారాను. మిగతా అంతా మామూలే. యూనిట్ టెస్టులు అవుతున్నాయి.

అయ్యకి నమస్కారాలు. నువ్వు వేళకి తిను.

కుసుమ


కళింగపట్నం,
ఆగస్టు 12.

కుసుమా,

మీ అయ్య నిన్న చేపల వేట కూలికి అంత దూరం వెరావల్ బయలుదేరాడు. మన పేట నుంచి పదహారు మంది వెళ్లారు. మళ్లీ వేసవికే రావడం. ఇల్లు బోసిగా ఉంది.

డాక్టరు గారు ఫోనులో నీ గీత చూసి తెల్లవారుజామున మళ్లీ 68 వచ్చిందని రాత్రివి పదకొండుకి తగ్గించారు. వార్డెన్ గారికి చెప్పాను.

నువ్వు కబడ్డీ ఆడుతున్నావంటే నవ్వొచ్చింది. చిన్నప్పుడు ఇసకలో పరిగెత్తమన్నా కాళ్లు నొప్పులని నా చంక ఎక్కేదానివి. ఆడు, మంచిదే.

నీ నెంబరు బాగుంటే నాకు నిద్ర పట్టాలి. నిజంగా చెప్తున్నాను, పట్టడం లేదు. తెల్లవారుజామున బోట్లు వెళ్లే వేళకి లేచి ఫోను పట్టుకుని కూర్చుంటున్నాను. అంతా బాగానే ఉంటుంది. అయినా ఏదో వేరే ఇంట్లో కూర్చున్నట్టు ఉంటోంది. ఎందుకో తెలియడం లేదు.

కూరలో ఉప్పు ఎక్కువైతే మజ్జిగ పోసుకో. కళ్లకి ఏమైంది? రాయి.

అమ్మ


చీపురుపల్లి, హాస్టలు గేటు ముందు,
ఆగస్టు 17, ఉదయం.

కుసుమా,

ఈ కాగితం వాచ్‌మన్ గంగరాజు చేతికి ఇచ్చి పంపుతున్నాను. తల్లిదండ్రులు వచ్చే ఆదివారం కాదు కాబట్టి లోపలికి రానివ్వనంటున్నాడు. నేను గేటు పక్కన అరుగు మీద ఉన్నాను. ముప్పావు భాగం రైల్లోనే రాశాను, అక్షరాలు వంకర పోయాయి.

ఆ గీత నీది కాదు.

నీకు తెల్లవారుజామున నాలుగు నుంచి షుగరు లేస్తుంది. ముందు రాత్రి ఏమీ తినకపోయినా లేస్తుంది. కొందరి ఒంటి తీరు అంతేనని, లోపలున్న షుగరు ఆ వేళకి తనంతట తనే బయటికి వస్తుందని డాక్టరు గారు ఎప్పుడో చెప్పారు. వేలు గుచ్చి చూసిన రోజుల నుంచీ నాలుగేళ్లుగా చూస్తున్నాను. బోట్లు సముద్రంలోకి దిగే వేళకి నీ నెంబరు లేస్తుంది, మీ అయ్య బోటు కనుమరుగయ్యేసరికి నూట అరవై దాటుతుంది. ఒక్క రోజు తప్పలేదు. జ్వరం వచ్చినా తప్పలేదు. ఇప్పుడు ఇరవై ఎనిమిది రోజులుగా లేవడం లేదు. మందు ఏడు పాయింట్లు తగ్గించినా లేవడం లేదు. ఈ తెల్లవారుజామున బోట్లు వెళ్తుంటే ఫోను చూస్తూ ఒక్కసారి తెలిసింది. ఎవరో నిద్రపోతున్నారు, అది నా కూతురు కాదు.

ఎవరి పిల్లకో కోడిని కోసి మొక్కు తీర్చుకున్నాను. దానికి నవ్వాలో ఏడవాలో తర్వాత చూసుకుంటాను. ఆ నెంబరు చూసి నీ మందు కోయించింది నేనే. చీకటి పడ్డప్పుడల్లా నీకు పదకొండు పాయింట్లు వేయించింది నేనే. దాహం అని రాశావు, కళ్లు అలుక్కుపోతున్నాయని రాశావు. మజ్జిగ పోసుకోమని రాశాను నేను!

ఆమదాలవలస వచ్చి మొదటి రైలు ఎక్కాను. వార్డెన్ గారికి ఏమీ చెప్పలేదు. ఎవరికీ చెప్పను. నిన్ను తిట్టడానికి రాలేదు, తీసుకుపోవడానికీ రాలేదు. నీ పుస్తకాల మీద ఒట్టు. ఒక్కసారి గేటు దాకా రా. నీ మొహం చూసి, వేలు గుచ్చి నెంబరు చూస్తాను. మిషను, స్ట్రిప్పులు తెచ్చాను. పరిగెత్తుకుని రా.

అమ్మ


(అదే కాగితం వెనక, పెన్సిలుతో.)

అమ్మా,

రాలేను. నిన్నటి నుంచి వాంతులు, మంచం దిగలేకపోతున్నాను, ఊపిరి ఆడడం లేదు. వార్డెన్ గారికి చెప్పాను. ఆవిడ ఫోను చూసి "తొంభై ఆరు ఉన్నాది కదా, గేసు అయ్యుంటాది" అని మాత్ర ఇచ్చారు. బిళ్ల ఝాన్సీ చేతికి ఉంది. దాన్ని ఏమీ అనకు, తప్పు నాది.

అందరికీ చెప్పెయ్యి. నువ్వే లోపలికి రా. తొందరగా రా.


కళింగపట్నం,
సెప్టెంబరు 27.

కుసుమా,

నువ్వు మళ్లీ హాస్టలుకి వెళ్లి వారం. ఇంట్లో ఉన్న నెలరోజులూ మనం ఒకే చాప మీద పడుకుని కూడా కొన్ని మాటలు మాట్లాడుకోలేదు. నువ్వు గోడ వైపు తిరిగేదానివి, నేను ఫోను వైపు. నోటితో రాలేదు, అందుకే రాస్తున్నాను.

ఆ రోజు గంగరాజుని నెట్టుకుని లోపలికి వచ్చాను. గదిలోకి రాగానే నీ ఊపిరి వాసన కొట్టింది, పండిన పండు వాసన. వేలు గుచ్చితే కొలతకి మించిపోయి మిషను నెంబరు చూపించలేదు, హై అని మాత్రం చూపించింది. విజయనగరం ఆసుపత్రిలో రెండు రోజులు నీ చేతికి సూదులు, మూతికి గొట్టాలు. ఝాన్సీ తన చేతి మీది బిళ్ల అక్కడే గోళ్లతో పీకేసి, "నేనే సంపీసినాను పిన్నీ" అని నా కాళ్ల దగ్గర కూలబడింది. దాన్ని ఏమీ అనలేదు. నువ్వు అడిగావని కాదు, నాకు మొహం చెల్లలేదు.

మురళీమోహన్ గారు కబురు తెలిసి వచ్చారు. నీతో ఏమన్నారో నీకు తెలుసు. నువ్వు నిద్రపోతున్నప్పుడు నాతో అన్నది వేరే. "మనిషిని చూడకుండా నెంబరు చూసి మందు తగ్గించాను. అది నా తప్పు. ఒక్కసారి వేలు గుచ్చి సరిచూడమని అడగాల్సింది" అన్నారు. తర్వాత "తాతమ్మా, ఆ బిళ్ల పిల్ల తనను తాను చూసుకోవడానికి ఇచ్చాను. నువ్వు దాన్ని పోలీసు చేశావు" అన్నారు. కోపం వచ్చింది. నాలుగేళ్లు కాపలా కాసినదాన్ని పట్టుకుని ఆ మాట అంటాడా అనుకున్నాను. ఇన్ని రోజులూ ఆ కోపంతోనే ఉన్నాను.

నీకు చెప్పనిది ఒకటుంది. జూన్లో గంపతో ఊళ్లకి వెళ్తున్నానని రాశాను కదా, అది అబద్ధం. నువ్వు హాస్టలుకి వెళ్లిన రోజు నుంచి నేను అమ్మకానికి వెళ్లలేదు. దారిలో సిగ్నలు ఉండదు. ఇల్లు దాటితే సిగ్నలు ఉండేది ధనరాజు ఐసు గోడౌను దగ్గర మాత్రమే. అక్కడ గోనెసంచి పరుచుకుని పొద్దుటి నుంచి చీకటి పడేదాకా కూర్చుని రొయ్యలు ఒలిచాను. చెల్లెలి కొడుకు పెళ్లికి వెళ్లలేదు, బోరుభద్రలో సిగ్నలు ఉందో లేదో అని. రేవులో ఆడవాళ్లు "తాతమ్మకి సంకెళ్లేసినారేటి, కదల్దు" అని నవ్వేవాళ్లు. నిన్ను గదిలో పెట్టి గడియ వేశాననుకుంటావేమో, నేను బయట లేను. ఆ గదిలోనే నీతో పాటు ఉన్నాను. నాకు ఇంత వరకూ తెలియలేదు.

మందు లెక్క నీకే వదలమని నువ్వు వెళ్లేటప్పుడు అడగలేదు. అడిగితే వద్దంటానని అడగలేదు. వార్డెన్ గారితో నేనే మాట్లాడాను. పెన్ను ఇక నీ చేతిలోనే, లెక్క నీదే. మైకు మాట ఇక ఉండదు. తక్కువైతే అలారం నీ ఫోనులో మోగుతుంది, నువ్వు లేవకపోతే ఝాన్సీ లేస్తుంది. నీకు ఏం తాగించాలో, ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలో డాక్టరు గారు దానికి రాసిచ్చారు. వారానికోసారి వేలు గుచ్చి సరిచూసుకో.

నిన్న మధ్యాహ్నం ధనరాజు కూతురి చేత నా ఫోనులోంచి నీ షుగరు నెంబరు తీయించేశాను. "తీసీమంటావా పిన్నీ, మళ్లీ రావాలంటే కుసుమే పంపాల" అని రెండుసార్లు అడిగింది. తీసెయ్యమన్నాను. తీశాక ఇప్పటిదాకా ఎన్నిసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నానో లెక్క లేదు. ఖాళీ తెర.

నువ్వు ఎలా ఉన్నావో ఇక నాకు ఏ మిషనూ చెప్పదు. నువ్వే చెప్పాలి. బాగుంటే బాగున్నానని, లేకపోతే లేదని రాయి. ఏది రాసినా నేను వచ్చి నిన్ను తీసుకురాను.

అమ్మ


చీపురుపల్లి,
అక్టోబరు 5.

అమ్మకి,

ఇప్పుడు సాయంత్రం ఆరు. నా చేతి మీద బిళ్ల ఉంది, నెంబరు 241, ఇంకా ఎక్కుతోంది. ఝాన్సీ వాళ్ల ఊరి నుంచి సీతాఫలాలు వచ్చాయి. రెండు తిన్నాను. ఒకటికే మందు వేసుకున్నాను, రెండోది తర్వాత తిన్నాను, అది తప్పు. ఇప్పుడే మూడు పాయింట్లు వేసుకున్నాను.

మొన్న ఆదివారం తెల్లవారుజామున 58కి పడిపోయింది. అలారం నాకు వినబడలేదు. ఝాన్సీ లేపి గ్లూకోజు తాగించింది. ఏడ్చింది. నీకు రాయొద్దనుకున్నాను, రాస్తున్నాను.

యూనిట్ టెస్టులో ఫిజిక్స్ పోయింది. జువాలజీలో ఫస్టు వచ్చాను.

ఏడు కావస్తోంది, 226. దిగుతోంది అమ్మా. నువ్వు గంప ఎత్తుకుని వెళ్లు.

కుసుమ